పలకని పాత అంబాసిడర్: కాయిల్ మార్చే ముందు చూసుకోవలసినవి

ఈద్ రోజు పొద్దున్నే ఇంటిల్లిపాదీ తయారై బయటికొస్తారు. దాదా కాలం నాటి అంబాసిడర్ మీద కప్పిన పట్టా తీసి, పిల్లల్ని వెనక సీట్లో సర్ది, సెల్ఫ్ కొడితే 'టక్' మని ఒక్క చప్పుడు. అంతే. మళ్లీ కొడితే అదీ ఉండదు. చివరికి ఈద్గాకు ఆటోలోనే పోవాల్సి వస్తుంది.

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు వైపు పత్తి, మిర్చి వ్యాపారంతో బాగుపడిన ఇళ్లలో ఇలాంటి బండ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. పాయింట్లు, కండెన్సర్ అంటే తెలిసిన పాత మిస్త్రీలు మాత్రం తగ్గిపోతున్నారు. కంప్యూటర్ పెట్టి తప్పు కనిపెట్టడం అలవాటైన కుర్ర మెకానిక్ ఈ బండి ముందు నిలబడి కాయిల్ మారుస్తాడు, తర్వాత బ్యాటరీ, ఆ తర్వాత వైరింగ్ మొత్తం. బిల్లు పెరిగిపోయి, విసుగొచ్చి బండిని తుక్కు కింద అమ్మేస్తారు. చాలాసార్లు అసలు తప్పు ఒక వదులైన నట్టు దగ్గరే ఉంటుంది.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్‌ను మొదలుపెట్టింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో తయారీ 2014 మేలో ఆగిపోయింది. ఇక్కడ చెప్పేది 1489 సీసీ పాత పెట్రోల్ ఇంజిన్ గురించి. డీజిల్ అంబాసిడర్‌కు స్పార్క్ ప్లగ్గులు, పాయింట్లు ఉండవు కాబట్టి ఈ కథలో సగం దానికి వర్తించదు.

మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. సెల్ఫ్ తిరగడం లేదా, లేక సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజిన్ అందుకోవడం లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

సెల్ఫ్ తిరగకపోతే హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా మసకబారితే బ్యాటరీలో కరెంటు లేదు, లేదా టెర్మినల్ దగ్గర పట్టు లేదు. లైట్లు అలాగే వెలుగుతూ ఉంటే సెల్ఫ్ మోటారు వైపు చూడాలి. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వేడి నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి పైన కాస్త వేజలీన్ రాస్తే సగం బండ్లు అక్కడే బాగుపడతాయి.

ఎర్త్ పట్టీని మాత్రం దాదాపు అందరూ మర్చిపోతారు. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పోదు కాబట్టి ఇంజిన్‌కూ బాడీకీ మధ్య అల్లిక రాగి పట్టీ ఒకటి వేస్తారు. అది తెగినా, తుప్పు పట్టినా సెల్ఫ్‌కు కావలసిన కరెంటంతా చోక్ కేబుల్ గుండానో, యాక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టగానే చోక్ కేబుల్ వేడెక్కి పొగ వస్తే తప్పు చోక్‌ది కాదు, ఆ పట్టీది. కొత్త బ్యాటరీ కొన్నా ఆ జబ్బు పోదు.

ఇక సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే స్పార్క్ చూడాలి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. పెట్రోల్ వాసన వస్తుంటే ఈ పని అసలు చేయొద్దు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మధ్యలోకి వచ్చే లావు వైరు తీసి, రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో పట్టుకుని, ఇంజిన్ ఇనుముకు అర సెంటీమీటర్ దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, చటుక్కుమని స్పార్క్ దూకితే కాయిల్ బాగున్నట్టే. తప్పు ఆ తర్వాత ఉంది: రోటర్, డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్ వైర్లు, ప్లగ్గులు. మూత లోపల వెంట్రుకలాంటి నల్లటి గీత కనిపిస్తే అక్కడ చీలిక ఉంది. వానాకాలం తేమకు కరెంటు దాని గుండానే జారిపోతుంది.

స్పార్క్ పసుపుగా, నీరసంగా ఉన్నా, అసలు రాకపోయినా పాయింట్ల దగ్గరికి రావాలి. చిన్న టెస్ట్ ల్యాంపు చాలు. కీ ఆన్ చేసి కాయిల్‌కు కరెంటు వచ్చే టెర్మినల్ మీద పెడితే వెలగాలి. వెలగకపోతే కీ స్విచ్చో, దాని వైరో. తర్వాత డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ కొడితే ల్యాంపు మిణుకు మిణుకుమనాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా వాటి మీద మురికి ఉంది. అసలు వెలగకపోతే అవి విడిపోవడం లేదు, లేదా కండెన్సర్ షార్ట్ అయింది. పాయింట్ల మధ్య సందు 15 థౌ, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. ప్లగ్గుకు 25 థౌ. కళ్లతో అంచనా వేయకుండా ఫీలర్ గేజ్ వాడాలి.

ప్లగ్ వైర్లన్నీ ఒకేసారి పీకేసి, మళ్లీ ఏది ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడేవాళ్లు చాలామంది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. రోటర్ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఇంజిన్ ఆపి కీ ఆన్‌లోనే వదిలేయడం ఇంకో అలవాటు. ఆ సమయంలో పాయింట్లు కలిసి ఉంటే కాయిల్‌లో కరెంటు ఆగకుండా పారి అది మాడిపోతుంది.

రెంటచింతల ఎండలకు బండి నడిచి నడిచి ఆగిపోయి, అరగంట తర్వాత మళ్లీ స్టార్ట్ అయితే కాయిల్ మీదో, కండెన్సర్ మీదో అనుమానం సహజం. కానీ పెట్రోల్ పైపులోనే ఆవిరైపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఆగిన వెంటనే స్పార్క్ చూడండి. బాగుంటే పెట్రోల్ పంపు, పైపుల మీద తడి గుడ్డ వేసి చూస్తే తేలిపోతుంది.

చార్జింగ్ సంగతి జమాఖర్చుల్లాంటిదే. పాత డైనమో ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు. అదీ ఇంజిన్ వేగంగా తిరిగితేనే. 100 వాట్ల హాలోజన్ బల్బులు రెండు పెడితే వాటికే దాదాపు 17 ఆంపియర్లు పోతాయి. పైన మ్యూజిక్ సిస్టమ్, ఫ్యాను. ఖర్చు రాబడిని మించిపోతే బ్యాటరీ ఎంత కొత్తదైనా దిగిపోతుంది. మీటరు ఉంటే బ్యాటరీ మీద పెట్టి చూడండి. ఇంజిన్ ఆపి కొంతసేపయ్యాక 12.6 వోల్టులు, వేగంగా నడుస్తుంటే 14 చుట్టుపక్కల ఉండాలి.

వీటన్నిటికంటే భయపడాల్సింది షార్ట్ సర్క్యూట్‌కు. ఆ కాలపు డిజైన్‌లో హెడ్‌లైట్లు, ఇగ్నిషన్ లాంటి ముఖ్యమైన వైర్లకు ఫ్యూజే ఉండేది కాదు. ఉన్న ఒకటి రెండు ఫ్యూజుల్లోనూ కాలిపోయిన తీగ బదులు రాగి పోగులో, సిగరెట్ పెట్టె వెండి కాగితమో చుట్టేస్తుంటారు. మిర్చి బస్తాలు, పత్తి దాచే షెడ్డులో బండి పెడితే ఎలుకలు వైరు పైతోలు కొరికేస్తాయి. పక్కనే పత్తి ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీకి కట్-ఆఫ్ స్విచ్ పెట్టించి, బండి నిలిపినప్పుడల్లా ఆపేయడం చవకైన రక్షణ. చాలా పాత మోడళ్లలో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉండొచ్చు. వేరే బండి నుంచి జంప్ ఇచ్చే ముందు అది చూసుకోకపోతే వైర్లు కాలతాయి.

బండి బాగయ్యాక షాదీలకు అద్దెకివ్వాలని కొందరి ఆశ. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లను ఆ కోవలో రిజిస్టర్ చేసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. అయితే ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు గానీ రోజువారీ తిప్పడానికీ, అద్దెకివ్వడానికీ వీల్లేదు. ఈద్‌కూ, చుట్టాలిళ్లకూ తిప్పుకోవాలంటే మామూలు ఆర్సీనే ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించుకోవాలి.