మరపు: వార్ధక్యమా, వ్యాధియా?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల మదర్సాలలో బోధించే మా వంటివారి వద్దకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "అబ్బా జొహర్ నమాజు చేసి పావుగంట కాకముందే మళ్ళీ వుజూకు లేస్తున్నారు. ఎన్ని రకాతులు చేశారో గుర్తుండడం లేదు. ఆ నమాజులు నెరవేరినట్టేనా?" అడిగేవారు ధర్మాదేశం కోసమే వస్తారు. మరో రెండు మాటలు అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. పొయ్యి మీది గిన్నె మాడిపోతున్నది. డబ్బు దాచిన చోటు మరచి కోడలే తీసిందంటున్నారు. ముప్పై ఏళ్ళు నడిచిన మస్జిదు దారిలోనే తప్పిపోతున్నారు. ఏడాది, రెండేళ్ళుగా ఇదే వరస. వైద్యునికి చూపించారా అంటే, "వయసు మీద పడింది కదా హజ్రత్" అనే జవాబు వస్తుంది.

కొందరు దీనికి హదీసునే ఆధారం చేసుకుంటారు. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖనం ప్రకారం, చికిత్స చేయించుకోవచ్చునా అని అడిగిన వారికి దైవప్రవక్త (సఅసం) చేయించుకోమని చెప్పారు. అల్లాహ్ మందు లేని వ్యాధిని పుట్టించలేదని, ముసలితనం ఒక్కటే దీనికి మినహాయింపని తెలిపారు (అబూ దావూద్, తిర్మిజీ). ముసలితనానికి మందు లేదు కాబట్టి వైద్యుడెందుకని వీరి వాదన. మేము ఈ హదీసును మరో విధంగా చదువుతాము. మినహాయింపు ఉన్నది ముసలితనానికే గాని ముసలితనంలో వచ్చే వ్యాధికి కాదు. అలాంటప్పుడు మన ఎదుట ఉన్నది ఆ రెండింటిలో ఏదో తేల్చుకోవడం మన బాధ్యత అవుతుంది. దివ్య ఖుర్ఆన్ కూడా సూరా నహ్ల్ 70వ ఆయతులో, అన్నీ తెలిసిన తరువాత ఏమీ తెలియని వయసుకు చేరేది మనుషులలో కొందరేనని చెబుతుంది. వయసు పైబడిన ప్రతివారికీ అది రాసిపెట్టి లేదు.

వైద్యశాస్త్రం కూడా ఈ తేడాను గుర్తించింది. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ ఆల్జైమర్ అనే వైద్యుడు ఆగస్టె డీటర్ అనే స్త్రీని పరీక్షించాడు. తన పేరు చెప్పడానికే తడబడిన ఆమె వయసు 51 ఏళ్ళు. 1906లో ఆమె మరణించాక మెదడును పరిశీలించి, అందులో కనిపించిన మార్పులను ఆయన లోకానికి తెలిపాడు. డిమెన్షియాలన్నిటిలో ఎక్కువగా కనిపించే రకానికి ఆయన పేరే నిలిచింది. మన దేశంలో అరవై దాటిన వారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పట్టణాల కంటే గ్రామాలలో, పురుషుల కంటే స్త్రీలలో ఇది ఎక్కువని కూడా అందులో తేలింది. వీరిలో అత్యధికులకు తమ వ్యాధి పేరే తెలియదు.

పేరు తెలిస్తే ఏమి లాభం, నయమవుతుందా అని అడుగుతారు. కొన్ని నయమవుతాయి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ మాంద్యం, దిగులు వ్యాధి, కొన్ని నిద్రమాత్రలు, ఎప్పుడో జారిపడినప్పుడు తలలో నెమ్మదిగా చేరిన నెత్తురు కూడా మతిమరుపును తెస్తాయి. రక్తపరీక్షలతో, తల స్కానింగుతో వీటిని కనిపెట్టవచ్చు, చికిత్స చేయవచ్చు. చెవుడు వల్ల మాట వినిపించక జవాబు తప్పు చెప్పే పెద్దలను కూడా మతి పోయిందని తీర్మానించడం చూస్తున్నాము. ఆల్జైమర్ వంటి వ్యాధి నయం కాని మాట నిజమే. డోనెపెజిల్ వంటి మందులు కొంతకాలం కొంత ఊరటనిస్తాయి, అంతే. బీపీ, షుగర్ల వల్ల మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకంలో మాత్రం, వాటిని అదుపు చేస్తే మరింత నష్టాన్ని చాలావరకు తగ్గించవచ్చు.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం చెప్పక తప్పదు. లెవీ బాడీ అనే రకం డిమెన్షియాలో రోగికి లేని మనుషులు కనిపిస్తారు. "మంచం పక్కన పిల్లలు కూర్చున్నారు" అంటారు. నిద్రలో కేకలు వేస్తారు, చేతులు విసురుతారు. ఒకరోజు తేటగా మాట్లాడి మరునాడు అయోమయంలో పడతారు. మన ఇళ్ళలో ఇది వెంటనే జిన్ను ప్రభావమవుతుంది. తావీజులు, నీళ్ళు ఊదించడాలు, ఆమిల్ వద్దకు ప్రయాణాలు మొదలవుతాయి. వేలకు వేలు ఖర్చవుతాయి. జిన్నాతులు ఉన్నారని విశ్వసించడం మన ఈమాన్‌లో భాగమే. రోగిపై ఖుర్ఆన్ పఠించి దుఆ చేయడం సున్నతే. అది చేస్తూనే వైద్యునికీ చూపించాలి. పైగా ఈ రకం రోగులకు హాలోపెరిడాల్ వంటి మందులు తీవ్రమైన హాని చేయగలవు. కాబట్టి ఆందోళన తగ్గాలని మందుల దుకాణంలో ఏదో ఒక మాత్ర అడిగి వేయడం ప్రమాదకరం. రకమేదో తెలియకుండా మందు వేయకూడదన్నది ఇందుకే.

వైద్యుని వద్దకు ఎవరు వెళ్ళాలి? మేము చూసినంతలో ఎక్కువ ఇళ్ళు పొరబడేది ఇక్కడే. కొడుకు దుబాయిలోనో రియాద్‌లోనో ఉంటాడు. వారానికోసారి ఫోనులో ఐదు నిమిషాలు మాట్లాడి, "అబ్బా బాగానే ఉన్నారు, మీరే పెద్దది చేస్తున్నారు" అంటాడు. ఆ ఐదు నిమిషాల సలామూ కుశల ప్రశ్నలూ ఏనాడో అలవాటైన మాటలు కాబట్టి తప్పిపోవు. ఆసుపత్రికేమో వేరే ఊళ్ళో ఉండే అల్లుడు తీసుకువెళతాడు. రాత్రి రెండింటికి తలుపు తీసుకొని బయటికి వెళ్ళే మామగారిని వెనక్కి తెచ్చేది కోడలు. ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. డిమెన్షియా నిర్ధారణలో సగం బలం దగ్గరివారు చెప్పే వివరాలదే. ఆమె పర్దాతోనే, మహ్రమ్ తోడుతోనే వైద్యుని ఎదుట కూర్చొని చెప్పాలి. ఎప్పుడు మొదలైంది, ఒక్కసారిగానా మెల్లగానా, ఏ పనులు మానేశారు, ఎప్పుడైనా పడ్డారా, ఏయే మందులు వాడుతున్నారు అనేవి ముందే ఒక కాగితంపై రాసుకోవాలి. ఆ కాగితాన్ని వైద్యునికి విడిగా ఇవ్వడం మేలు. తండ్రి ఎదుటే "ఈయనకు మతి లేదు" అనడం ఆయన మనసును గాయపరుస్తుంది. సూరా బనీ ఇస్రాయీల్ 23వ ఆయతు వృద్ధులైన తల్లిదండ్రులతో విసుగు మాట కూడా వద్దన్నదని మనకు తెలుసు.

మన స్త్రీల విషయంలో ఇంకో చిక్కు. జగిత్యాల, నిర్మల్ ప్రాంతాలలో బీడీలు చుడుతూ జీవితం గడిపిన తల్లులు బడి ముఖం చూడలేదు. ఈ రోజు తేదీ ఎంత, వందలోంచి ఏడు తీయమంటే వారికి ఆరోగ్యంగా ఉన్నప్పుడూ రాదు. ఈ కారణంగానే 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో, చదువు రాని గ్రామీణులకు తగిన పరీక్షను హిందీలో రూపొందించారు. అందులో వాక్యం రాయమనడానికి బదులు మీ ఇంటి గురించి చెప్పమంటారు. కాబట్టి వైద్యునితో, "అమ్మీకి చదువు రాదు, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు" అని మొదటే చెప్పాలి. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన చేయి ఆకు కత్తిరించడం మరచిపోతే, ఆ మాట ఏ లెక్క కంటే ఎక్కువ చెబుతుంది.

భాష ప్రస్తావన వచ్చింది గనుక ఒక ఊరటనిచ్చే సంగతి. హైదరాబాదు నిమ్స్ జ్ఞాపకశక్తి క్లినిక్కుకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందనీ, చదువు రానివారిలోనూ ఈ తేడా ఉన్నదనీ 2013లో ప్రకటించింది. ఇంట్లో ఉర్దూ, అంగడిలో తెలుగు మాట్లాడే మన పెద్దలకు ఇది అల్లాహ్ అనుగ్రహమే.

మొదటి పరీక్షల కోసం అందరూ హైదరాబాదు పరుగెత్తనక్కరలేదు. ఆదిలాబాద్ రిమ్స్‌లోనో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనో జనరల్ మెడిసిన్, మానసిక వైద్య విభాగాలలో చూపించి, రక్తపరీక్షలు చేయించవచ్చు. అక్కడ తేలకపోతే పంజాగుట్టలోని నిమ్స్ ఉంది. ఫోనులో సలహాకు టెలీ మానస్ 14416, వృద్ధుల సహాయానికి ఎల్డర్ లైన్ 14567.

తొలిదశలోనే తెలియడంలో ధార్మిక ప్రయోజనం కూడా ఉంది. ఎవరికి ఎంత బాకీ ఉన్నారో, ఎవరి అమానత్ తమ వద్ద ఉన్నదో చాలామంది పెద్దలు కాగితంపై పెట్టరు. మతి తేటగా ఉండగానే ఆ లెక్కలు, వసీయత్ సాక్షుల ఎదుట రాయించుకోవాలి. బుద్ధి పోయిన తరువాత వేలిముద్ర వేయించిన హిబా షరీఅతులో చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కూడా ఒప్పందానికి స్వస్థచిత్తం అవసరం. ఇలా రాయించుకున్న ఇళ్ళు అన్నదమ్ముల కోర్టు వ్యాజ్యాలలో నలుగుతున్నాయి.

నమాజు సంగతికి వస్తే, రకాతులు, సజ్దాల లెక్క నిలుపుకోలేని రోగిపై దానిని నెరవేర్చే బాధ్యత లేదని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. పక్కన ఒకరు చెబుతుండగా చేస్తే అది సరిపోతుందని కూడా అంటాయి. మనవడిని పక్కన నిలబెట్టండి. రెండోసారి వుజూకు లేస్తే వాదించవద్దు, చేయనివ్వండి.

చివరగా కొడుకులకు, కూతుళ్ళకు ఒక మాట. తల్లిదండ్రుల సేవ మీ మీది విధి. కోడలు చేసేది ఆమె ఇహ్సాన్, షరీఅతు ఆమెపై మోపిన బాధ్యత కాదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పెళ్ళిళ్ళకు తీసుకునే సెలవును ఈసారి వైద్యుని తేదీకి తీసుకోవాలి. ఆ రోజు పిల్లలను, వంటను చూసుకోవడానికి ఆడపడుచు ఉదయాన్నే ఇంటికి చేరాలి.