మన పొలం ఫొటో షాద్‌నగర్‌లో దిగుతోంది.. మరి మన చేతికి ఎందుకు రావట్లేదు?

హైదరాబాద్ నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీద దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే షాద్‌నగర్. ఒకప్పుడు పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2016 జిల్లాల విభజనతో రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. షాద్‌నగర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది వెంచర్లు, ఫ్యాక్టరీలు, రోడ్డు మీద లారీల రద్దీ. కానీ దేశం మొత్తాన్ని ఆకాశం నుంచి చూసే కళ్లు తాము చూసింది చెప్పేది ఇక్కడికే. భూమిని పరిశీలించే మన ఉపగ్రహాల డేటాను అందుకునే ప్రధాన గ్రౌండ్ స్టేషన్ షాద్‌నగర్‌లోనే ఉంది.

ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్.. అంటే ఎన్‌ఆర్‌ఎస్‌సీ దీన్ని నడుపుతోంది. సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బాలానగర్‌లో ఉంది. పంట నష్టమైనా, చెరువు కబ్జా అయినా, కొండ జారినా ఇప్పుడు సర్కారు ముందుగా అడిగేది శాటిలైట్ ఫొటోనే. ఆ ఫొటో మీద ఆధారపడి రైతుకు డబ్బు రావచ్చు, రాకపోవచ్చు. ఇల్లు నిలవచ్చు, కూలవచ్చు. మరి ఎవరి గురించి నిర్ణయం జరుగుతోందో ఆ మనిషి ఆ ఫొటోను చూడగలుగుతున్నాడా? అసలు ప్రశ్న ఇదే.

ఎకరం దాటిన చుక్క నుంచి జానెడు చుక్క దాకా

షాద్‌నగర్ స్టేషన్ కథ 1979లో మొదలైంది. అప్పటికి మనకు ఇలాంటి సొంత ఉపగ్రహ వ్యవస్థ లేదు. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు పంపే డేటాను ఇక్కడ పట్టుకునేవారు. 1988 మార్చి 17న సోవియట్ రాకెట్ మీద బైకనూర్ నుంచి మన ఐఆర్ఎస్-1ఏ నింగికెక్కింది. అక్కడి నుంచి సొంత కళ్లతో చూడటం మొదలైంది.

శాటిలైట్ ఫొటో అంటే చుక్కల ముగ్గు లాంటిది. ఒక్కో చుక్కకు ఒకే రంగు. ఆ చుక్క నేల మీద ఎంత జాగాను కప్పితే ఫొటో అంత ముతక. ఐఆర్ఎస్-1ఏలోని లిస్-1 కెమెరాలో ఒక్కో చుక్క 72.5 మీటర్లు. మన లెక్కలో ఎకరా 12 గుంటలు. అంటే ఒక చిన్న రైతు పొలం మొత్తం ఒక్క చుక్కలో మాయమైపోయేది.

తర్వాత వచ్చిన లిస్-3 కెమెరాలో చుక్క 23.5 మీటర్లు. సుమారు ఐదున్నర గుంటలు. లిస్-4లో 5.8 మీటర్లు. అంటే గుంటలో మూడో వంతు, దాదాపు 40 గజాలు. యూరప్ వాళ్ల సెంటినెల్-2లో చుక్క 10 మీటర్లు, కాస్త అటూ ఇటూగా మన ఒక గుంట. ఇక 2019 నవంబర్ 27న ప్రయోగించిన కార్టోశాట్-3 అయితే 30 సెంటీమీటర్ల లోపు వివరాన్ని కూడా చూడగలదు. పొలం గట్టే కాదు, గట్టు మీద నిలిపిన ట్రాక్టర్ కూడా కనిపిస్తుంది.

పచ్చని పొలం ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది?

రిసోర్స్‌శాట్ లాంటి ఉపగ్రహం 800 కిలోమీటర్లకు పైగా ఎత్తులో, ధ్రువం నుంచి ధ్రువానికి తిరుగుతుంది. మన మీదుగా వెళ్లేటప్పుడు స్టేషన్‌కు కనిపించేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లోనే యాంటెన్నా దాన్ని వెంబడిస్తూ డేటాను దించుకోవాలి. దిగిన డేటాలోని వంకరలు సరిదిద్ది, భూమి మీద ఏ చుక్క ఎక్కడుందో సరిపెట్టాకే అది ఫొటో అవుతుంది.

ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. కెమెరా ఆ కాంతిని కూడా పట్టుకుంటుంది. తెర మీద దానికి ఎరుపు రంగు ఇస్తారు. అందుకే నిండుగా ఎదిగిన పంట చిత్రంలో ఎర్రగా కనిపిస్తుంది. ఎండిన చేనులో ఆ ఎరుపు తగ్గిపోతుంది. పంట బాగుందా, దెబ్బతిందా అన్నది కంప్యూటర్ లెక్కగట్టేది ఈ తేడాను బట్టే.

వానాకాలంలో చిక్కొచ్చి పడుతుంది. పత్తి, మొక్కజొన్న, వరి ఎదిగే నెలల్లోనే ఆకాశం నిండా మబ్బులు. మామూలు కెమెరా మబ్బును దాటి చూడలేదు. అందుకే రాడార్ ఉపగ్రహాలు కావాలి. 2022 ఫిబ్రవరి 14న వెళ్లిన ఈఓఎస్-04, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో నైసార్ ఈ కోవలోనివే. రాత్రయినా, మబ్బున్నా వీటికి అడ్డు లేదు. నైసార్ 12 రోజులకోసారి అదే చోటును మళ్లీ చూస్తుంది. నేల సెంటీమీటర్ల లెక్కన కుంగినా, లేచినా పట్టేస్తుంది.

ఫొటో ఒక్కటే, కథలు రెండు

2024 జులై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాయి. మరుసటి రోజు కార్టోశాట్-3 తీసిన చిత్రాలను ఎన్‌ఆర్‌ఎస్‌సీ బయటపెట్టింది. సుమారు 86,000 చదరపు మీటర్ల నేల జారిందని, మట్టి, బండరాళ్లు దాదాపు 8 కిలోమీటర్ల దూరం కొట్టుకొచ్చాయని ఆ చిత్రాలు చూపించాయి. దేశమంతా చూసింది. ఎక్కడ ఏం జరిగిందో జనానికి అర్థమైంది.

దానికి ఏడాదిన్నర ముందు ఉత్తరాఖండ్‌లోని జోషిమఠ్‌లో జరిగింది మాత్రం వేరే. ఇళ్ల గోడలు పగుళ్లిస్తున్న సమయంలో ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఒక ప్రాథమిక నివేదిక ఇచ్చింది. 2022 డిసెంబర్ 27 నుంచి 2023 జనవరి 8 వరకు 12 రోజుల్లో పట్టణం 5.4 సెంటీమీటర్లు కుంగిందని అందులో ఉంది. అంతకు ముందు ఏడు నెలల్లో కుంగింది సుమారు 9 సెంటీమీటర్లు. అంటే వేగం ఒక్కసారిగా పెరిగింది. ఈ వార్త వెలువడగానే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ రంగంలోకి దిగింది. అనుమతి లేకుండా మీడియాతో మాట్లాడొద్దని, సమాచారం పంచుకోవద్దని శాస్త్ర సంస్థలకు లేఖ రాసింది. ఆ వెంటనే నివేదిక వెబ్‌సైట్ నుంచి మాయమైంది.

ఎవరికి వారు లెక్కలు చెబితే జనం గందరగోళపడతారన్నది సర్కారు వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆకాశం నుంచి తీసిన లెక్కను నేల మీద సరిచూడకుండా తుది మాట అనలేం. కానీ దానికి మందు నివేదికను దాచడం కాదు. ఇది ప్రాథమిక అంచనా, పొరపాటుకు ఇంత అవకాశం ఉంది, సరిచూసిన లెక్క ఫలానా రోజు ఇస్తాం అని పక్కనే రాయడం. పగిలిన గోడ మధ్య పడుకున్న కుటుంబానికి ఆ 5.4 సెంటీమీటర్ల సంగతి అందరికంటే ముందు తెలియాలి. గందరగోళం ఎక్కువయ్యేది అంకె తెలిసినప్పుడు కాదు, తెలిసిన అంకె మాయమైనప్పుడు.

ఫొటోను బట్టే పైసలు

కొండల సంగతి సరే, మన చెల్కల్లోకి వద్దాం. పాత రైతుబంధు స్థానంలో రైతుభరోసా తెచ్చిన తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో ఒక గీత గీసింది. ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయలు.. అదీ సాగుకు పనికొచ్చే భూమికే. గుట్టలు, రోడ్లు, మైనింగ్, రియల్ ఎస్టేట్ వెంచర్లుగా మారిన భూములకు ఇవ్వబోమని చెప్పింది. వెంచర్లకు పైసలు ఇవ్వొద్దన్న మాటలో తప్పు పట్టేదేమీ లేదు. ఏది సాగు భూమి, ఏది కాదు అన్నది తేల్చడానికి ఊళ్లలో సర్వే చేయించారు. శాటిలైట్ చిత్రాల సాయం తీసుకోవాలన్న చర్చ కూడా నడిచింది.

షాద్‌నగర్ చుట్టుపక్కల ఈ గీత ఎంత సన్నదో అందరికీ తెలుసు. ఒక పక్క హద్దురాళ్లు పాతిన ప్లాట్లు, పక్కనే పత్తి చేను. వాన లేక ఈసారి బీడు పెట్టిన చెల్క, పదేళ్లుగా పంట ఎరగని ప్లాటు.. రెండూ పైనుంచి ఒకే రంగులో కనిపిస్తాయి. పత్తిలో కందిని అంతరపంటగా వేస్తే చుక్కలో రెండూ కలిసిపోతాయి. 20 గుంటల పొలం లిస్-3 చిత్రంలో నాలుగు చుక్కలు కూడా కాదు. ఆ నాలుగింట్లోనూ పక్కవాడి పొలం ఎంతో కొంత కలుస్తుంది. ఇలాంటి చిత్రాన్ని పట్టుకుని ‘సాగు లేదు’ అని రాసేస్తే రైతు ఎవరితో వాదించాలి?

పంటల బీమాలోనూ ఇదే దారి. ఫసల్ బీమా పథకంలో 2023 వానాకాలం నుంచి వరి దిగుబడి అంచనాలో కనీసం 30 శాతం బరువు శాటిలైట్ లాంటి టెక్నాలజీ లెక్కకే ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. మిగతాది పంట కోత ప్రయోగాల నుంచి వస్తుంది. తెలంగాణ 2020లోనే ఈ పథకం నుంచి బయటికొచ్చింది. అయినా పద్ధతి ఎటు పోతోందో దీన్ని బట్టే తెలుస్తోంది. హైదరాబాద్‌లో 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా కూడా చెరువుల హద్దులు తేల్చడానికి రెవెన్యూ రికార్డులతో పాటు పాత శాటిలైట్ చిత్రాలను చూస్తోంది.

ఇదంతా మంచికే కావచ్చు. మనిషి రాసే రిపోర్టులో లంచం దూరొచ్చు, బంధుత్వం దూరొచ్చు. ఉపగ్రహానికి సర్పంచ్ ఎవరో తెలియదు, పట్వారీ ఎవరో తెలియదు. కానీ ఉపగ్రహం ‘ఇది సాగు, ఇది బీడు’ అని చెప్పదు. అది చుక్కలనే ఇస్తుంది. వాటికి పేరు పెట్టేది మనిషి రాసిన ప్రోగ్రామ్. తప్పు దొర్లేది అక్కడే.

చట్టం తలుపు తీసింది, కానీ గడప ఎత్తుగా ఉంది

2023 ఏప్రిల్‌లో వచ్చిన భారత అంతరిక్ష విధానం ఒక మంచి పని చేసింది. 5 మీటర్లు, అంతకంటే ముతకగా ఉండే మన ఉపగ్రహాల డేటా ఎవరికైనా ఉచితం అంది. అంటే 5.8 మీటర్ల లిస్-4 చిత్రం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. 5 మీటర్ల కంటే సూక్ష్మమైన డేటా ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మిగతావాళ్లు ధర కట్టి తీసుకోవాలి.

ఇక్కడే తిరకాసు. ఆఫీసు చేతిలో గట్టు కూడా కనిపించే ఫొటో ఉంటుంది. దానికి జవాబు చెప్పుకోవాల్సిన రైతు చేతికి ఉచితంగా దొరికేది 40 గజాలకో చుక్క. అది కూడా ఎన్‌ఆర్‌ఎస్‌సీ భూనిధి పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యి, కావాల్సిన దృశ్యం వెతికి, పెద్ద ఫైల్ దించుకుని, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న వాళ్లకే. 2009లో మొదలైన భువన్‌లో మ్యాపులు చూడొచ్చు. కానీ ‘ఫలానా తేదీన నా సర్వే నంబర్‌ను మీరు ఎలా చూశారు’ అన్న ప్రశ్నకు జవాబు దొరకాలంటే రైతు ఏ గడప తొక్కాలి? ఉచితం అన్న మాట వేరు, అందుబాటు అన్న మాట వేరు.

తలుపు బార్లా తీస్తే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. ల్యాండ్‌శాట్ చిత్రాలను అమ్మిన రోజుల్లో బాగా పోయిన ఏడాదిలో కూడా రోజుకు 50 చిల్లర దృశ్యాలే అమ్ముడయ్యాయి. 2008లో ఉచితం చేశాక రోజుకు వేలల్లో దించుకోవడం మొదలుపెట్టారు. అడవుల నరికివేత, నీటి వాడకం, పంటల మార్పు మీద పరిశోధనలకు ఊపొచ్చింది.

భద్రత సంగతేంటి అని అడగొచ్చు. సైనిక స్థావరాల చుట్టూ జాగ్రత్త అవసరమే. కానీ పత్తి చేను రక్షణ రహస్యం కాదు. పైగా సర్కారు తన నిర్ణయానికి ఆధారంగా వాడుకున్న ఫొటోను, ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాళ్లకు చూపించడానికి భద్రత అడ్డు ఎలా అవుతుంది?

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు

శాటిలైట్ ఆధారంగా పథకం ఆపినా, పరిహారం తగ్గించినా, నోటీసు ఇచ్చినా.. ఆ కాగితంతో పాటు చిత్రం ఉండాలి. తీసిన తేదీ, ఉపగ్రహం పేరు, చుక్క సైజు తెలుగులో రాసి ఉండాలి. అది గుంటల్లో ఉంటే ఇంకా మంచిది. చిత్రం తప్పని రైతు అంటే, వ్యవసాయ విస్తరణ అధికారి పొలానికి వచ్చి చూసేదాకా ఆ నిర్ణయం ఆగాలి. సర్వే నంబర్ కొడితే ఏ సీజన్‌లో పొలం ఎలా కనిపించిందో రైతు వేదికలోనే చూసుకునే వీలుండాలి. విపత్తుల నివేదికలను మార్చొచ్చు, సరిదిద్దొచ్చు. తీసేయడం మాత్రం కుదరదని ముందే నిబంధన పెట్టాలి.

వీటిలో దేనికీ కొత్త ఉపగ్రహం అక్కర్లేదు, కొత్త యాంటెన్నా అక్కర్లేదు. డేటా ఇప్పటికే దిగుతోంది. దానికి ఖర్చు పెట్టింది పన్ను కట్టే జనమే. షాద్‌నగర్ స్టేషన్‌కు ఎగువన వందల కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహం మాట వినబడుతోంది. నాలుగు మైళ్ల దూరంలోని పొలం గట్టు మీద నిలబడ్డ రైతు మాట కూడా అంతే స్పష్టంగా వినబడితేనే ఆ ఫొటోకు న్యాయం జరిగినట్టు.