ఇసుకను వదిలించుకున్న యంత్రం

బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్‌ది ఫిలడెల్ఫియా. అమెరికా అంతర్యుద్ధంలో కల్నల్‌గా పోరాడి, 1863లో చాన్సలర్స్‌విల్ దగ్గర గాయపడ్డాడు. కోలుకున్నాక నల్లజాతి సైనికుల దళానికి నాయకత్వం వహించాడు. యుద్ధం ముగిశాక, 1867లో, కర్ర నుంచి కాగితపు గుజ్జు తీసే సల్ఫైట్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంకొకరైతే ఆ ఒక్కదానితో జీవితం గడిపేసేవారు. ఆయన మాత్రం 1870లో ఇసుక మీద పడ్డాడు. ఎడారి గాలికి కొట్టుకొచ్చిన ఇసుక కిటికీ అద్దాలను మసకబార్చడం చూసి ఈ ఆలోచన తట్టిందని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, కథ బాగుంది.

పేటెంట్‌లో ఉన్నది చిన్న విషయమే: ఆవిరితోనో గాలితోనో నీటితోనో ఇసుకను వేగంగా విసిరి గట్టి వస్తువును కోయడం, చెక్కడం, శుభ్రం చేయడం. వింత ఎక్కడంటే, అద్దం మీద రబ్బరో కాగితమో అతికించి ఇసుక కొడితే అద్దం అరిగేది, రబ్బరు నిక్షేపంగా ఉండేది. ఇసుక కంటే గట్టిదైన కురువిందానికి కూడా ఆయన రంధ్రం వేసి చూపించాడు. గట్టిదీ పెళుసైనదీ అయితే రేణువు తగిలిన చోట చిట్లి పెచ్చు లేస్తుంది. సాగే గుణమున్నదైతే దెబ్బను మింగేస్తుంది.

కారు విడిభాగాల తుప్పు ఈ శాండ్‌బ్లాస్టింగ్ యంత్రానికి లొంగడానికి కారణం కూడా ఇదే. తుప్పు పెళుసు, కింద ఉన్న ఉక్కు సాగే లోహం. వైరు బ్రష్షుతో రుద్దితే పైపొర పోయి, గుంటల్లో దాక్కున్న తుప్పు నున్నగా మెరుస్తూ మిగులుతుంది. దాని మీద రంగు వేస్తే ఏడాది తిరక్కుండా బుడగలొస్తాయి. రేణువు అలా కాదు, గుంట అడుగుదాకా వెళుతుంది. బాగా కొట్టిన బ్రాకెట్‌ను చేతిలోకి తీసుకుంటే ఎక్కడా మెరుపుండదు. ఒకే తీరు బూడిదరంగు, వేలితో తడిమితే సన్నటి గరుకు. ప్రైమర్ పట్టు దొరికేది ఆ గరుకులోనే. గ్రీజు మాత్రం టిల్గ్‌మన్ రబ్బరులాగే దెబ్బను మింగుతుంది. అందుకే ముందు కిరసనాయిలుతోనో డీగ్రీజర్‌తోనో కడిగి, ఆరాకే గన్ ఎత్తాలి.

ఇక కొనే మాట. వెళ్లినవాళ్లందరూ గన్ చూస్తారు, సామాను లోపల పెట్టి కొట్టే పెట్టె, అంటే క్యాబినెట్ చూస్తారు, ధర అడుగుతారు. చూడాల్సింది కంప్రెసర్. ఈ పనిలో అసలు కూలీ గాలే, గన్ వట్టి గొట్టం. మూడు మిల్లీమీటర్ల నాజిల్‌కు 90 పీఎస్ఐ దగ్గర నిమిషానికి 18 నుంచి 20 ఘనపుటడుగుల గాలి కావాలి. పంక్చర్ షాపులో ఉండే రెండు హెచ్‌పీ కంప్రెసర్ అందులో సగం కూడా ఇవ్వలేదు. నిమిషం కొట్టి, ట్యాంకు నిండేదాకా కూర్చోవాలి. అయిదు హెచ్‌పీ ఉంటే బొటాబొటిగా సరిపోతుంది. నాజిల్ రంధ్రం రెట్టింపైతే గాలి ఖర్చు నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి. రేణువుల ఒరిపిడికి ఆ రంధ్రం రోజురోజుకూ పెద్దదవుతూనే ఉంటుంది. పింగాణీ నాజిల్ గంటల లెక్కన అరిగిపోతే, టంగ్‌స్టన్ కార్బైడ్‌ది వందల గంటలు నిలుస్తుంది. పిసినారితనం చూపించాల్సిన చోటు ఇది కాదు. క్యాటలాగులో పెద్దక్షరాలతో వేసే అంకె పిస్టన్ తోసే గాలిది. బయటికొచ్చే గాలి అంతకంటే తక్కువ, అడగాల్సింది ఆ లెక్క.

గన్‌లలో రెండు జాతులున్నాయి. ఒకటి ఫ్లిట్ పంపు మందును లాగినట్టు, గాలి ఉరవడితో కింది డబ్బాలోంచి గ్రిట్‌ను, అంటే కొట్టే రేణువులను, పైకి లాగేది. చవక, నెమ్మది. బ్రాకెట్లు, బ్రేక్ కాలిపర్లు, వీల్ రిమ్ములకు క్యాబినెట్‌లో అదే చాలు. రెండోది ప్రెషర్ పాట్. గ్రిట్ డబ్బాలోనే గాలి నింపి తోస్తుంది కాబట్టి పని రెండు మూడింతల వేగంగా సాగుతుంది. ఛాసిస్‌కు ఇదే దారి. అయితే అది ఒత్తిడి నిండిన పాత్ర. గాలి వదలకుండా మూత విప్పితే మూత మొహానికే వస్తుంది. డోరు, బానెట్ రేకుల జోలికి ఏ గన్‌తోనూ దగ్గరగా వెళ్లకండి. దెబ్బలకు రేకు ఒకవైపు సాగి అలలు తేలుతుంది, డెంటింగ్ మేస్త్రీ కూడా దాన్ని సరిచేయలేడు. క్యాబినెట్ కొనేవారు ఇంకోటి చూసుకోవాలి: లోపలికి చూసే అద్దం కొన్నాళ్లకు మసకబారిపోతుంది. టిల్గ్‌మన్ ఇసుక అద్దాన్ని చేసింది అదే కదా! దాని మీద మార్చుకునే ప్లాస్టిక్ పొర ఉందో లేదో అడగండి.

మన కోస్తా జిల్లాల్లో ఇంకో చిక్కు, చెమ్మ. గాలిని నొక్కితే అందులోని ఆవిరి నీరై గ్రిట్‌ను ముద్దచేసి నాజిల్ మూసేస్తుంది. నీటి ట్రాప్‌ను కంప్రెసర్ పక్కనే బిగిస్తే లాభం లేదు, అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది. కొంత పైపు తిరిగి చల్లబడ్డాక, గన్ దగ్గర బిగించాలి. అదే చెమ్మ వల్ల, కొట్టిన ఉక్కు గంటల్లోనే మళ్లీ ఎర్రబారుతుంది. ప్రైమర్ అదే పూట పడిపోవాలి.

ఇసుక ఎక్కడుందని అడుగుతారేమో. ఉండకూడదు. టిల్గ్‌మనే 1870లలో ఇనుప గుళ్ల వైపు మళ్లాడు. ఇసుక చిట్లినప్పుడు పుట్టే, పది మైక్రాన్ల కంటే చిన్న సిలికా ధూళి ఊపిరితిత్తుల అడుగుకు చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి మందు లేదు. బ్రిటన్ 1949 నాటి నిబంధనలతో పోతపోసిన వస్తువులను శుభ్రం చేసే పనిలో ఇసుకను నిషేధించింది. జీన్స్ ప్యాంట్లకు పాతదనం తేవడానికి ఇసుక కొట్టిన కుర్రవాళ్లు వరసగా జబ్బుపడ్డాక టర్కీ 2009లో ఆ పని ఆపించింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది. ఇంటి వెనక షెడ్డుకు మాత్రం ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ముక్కుకు కట్టుకున్న కండువా ఆ ధూళిని ఆపదు.

ఇసుక బదులు వాడేవాటికి కొదవ లేదు. ఉక్కు తుప్పుకు అల్యూమినియం ఆక్సైడో గార్నెట్టో. గార్నెట్ కోసం దూరం పోనక్కర్లేదు, భీమిలి తీరపు బరువు ఖనిజాల్లోనే ఉంది. అల్యూమినియం కార్బురేటర్‌కు గాజు పూసలు. దాని మీద ఉక్కు గ్రిట్ కొట్టారో, అతుక్కున్న ఇనుప రేణువులే రేపు తుప్పుమచ్చలవుతాయి. సోడాబైకార్బ్ ఇంకా మెత్తన. 1980ల్లో న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమ మరమ్మతులప్పుడు రాగి రేకుల లోపలి తారును దానితోనే తీశారు. సోడా రంగు తీస్తుంది గానీ గట్టి తుప్పును కదల్చలేదు. ఏది వాడినా క్యాబినెట్‌కు ధూళి లాగే యంత్రం, మొహానికి సరైన రెస్పిరేటర్ తప్పవు. పాతకాలపు రంగుల్లో సీసం కూడా ఉండొచ్చు.

ఒక్క కారు బాగు చేసుకోవడానికైతే ఇదంతా కొనడం దండగ. ఆటోనగర్‌లోనో, పౌడర్ కోటింగ్ షెడ్డులోనో ఇచ్చి చేయించుకోండి. ఇచ్చే ముందు ఏ గ్రిట్ కొడతారో అడగండి. ఇసుక అన్నారంటే సామాను వెనక్కి తెచ్చేసుకోండి.