సెంటున్నర స్థలంలో సేద్యపు ఇల్లు: నిబంధన, నేల, నీరు

కర్నూలు, కడప జిల్లాల మెట్ట పల్లెల్లో ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. పశువుల కొట్టం, గడ్డివామి, ఎరువు దిబ్బ, పంట ఆరబోసే వాకిలి కూడా అందులో భాగమే. కనుక చిన్న ఇంటి నిబంధనలను వ్యవసాయ దృష్టితోనూ పరిశీలించవలసి ఉంది.

2020 డిసెంబరు 25న రాష్ట్రంలో ప్రారంభమైన పేదల ఇళ్ల స్థలాల పంపిణీలో గ్రామాలలో సెంటున్నర, పట్టణాలలో సెంటు చొప్పున కేటాయించారు. సెంటున్నర అంటే 72.6 చదరపు గజాలు, సుమారు 653 చదరపు అడుగులు. అందులో నమూనా ఇల్లు 340 చదరపు అడుగులు. మెట్లు, దారి పోగా మిగిలిన చోట జత ఎద్దులను కట్టి మేత నిల్వ చేయడం కష్టం. 2025 జనవరిలో ఈ పరిమాణాన్ని గ్రామాలలో మూడు సెంట్లకు, పట్టణాలలో రెండు సెంట్లకు పెంచుతూ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. పాడి మీద ఆధారపడిన కుటుంబానికి ఈ తేడా జీవనాధారానికి సంబంధించినది.

ఇల్లు ఎంత చిన్నదైనా, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామంలో నిర్మాణానికి పంచాయతీ ముందస్తు అనుమతి పొందాలి. లేఅవుట్లకు, కట్టడాలకు 2002లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. సొంత పొలమే కదా అని చేలో ఇల్లు లేపడం సరికాదు. సాగుభూమి వినియోగ మార్పు నిబంధనలను ముందుగా తెలుసుకోవాలి.

అనుమతి పత్రం నేల స్వభావాన్ని చెప్పదు. నల్లరేగడిలోని బంకమన్ను తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకొని పగుళ్లిస్తుంది. పునాదిని ఆ పగుళ్ల లోతు దాటించి, గోడల చుట్టూ నీరు నిలవకుండా వాలుగా గచ్చు చేయాలి. బేతంచెర్ల, కడప నాపరాయి అందుబాటులోనే ఉంది. పూర్వపు మట్టి మిద్దెలపై పరచిన చౌడుమన్ను వాన నీటిని ఆపి, ఎండ వేడిమిని తగ్గించేది.

340 చదరపు అడుగుల కప్పుపై ఏడాదికి 650 మిల్లీమీటర్ల వాన కురిసి, అందులో 80 శాతం ఒడిసిపట్టగలిగితే సుమారు 16,400 లీటర్లు లభిస్తాయి. పెరటి కూరగాయలకు, పశువులకు ఇది గణనీయమైన ఆసరా.

ఇప్పటికే సెంటున్నరలో స్థిరపడిన కుటుంబాల స్థలం పెరగదు. అటువంటి కాలనీలలో ఉమ్మడి పశువుల కొట్టానికి, గడ్డివాములకు, ఎరువు గుంతలకు విడిగా భూమి కేటాయించడం అవసరం. పశువును కట్టుకొనే చోటు లేనినాడు రైతు మొదట వదులుకొనేది పశువునే. దానితోపాటు పొలానికి చేరే పశువుల ఎరువు కూడా తగ్గిపోతుంది.