సారెలో పరుపు, నడుములో నొప్పి

పెళ్లిళ్ల సీజనులో చల్లపల్లి సెంటర్లో కాసేపు నిలబడితే ఆ వారం ఎన్ని సారెలు కదిలాయో తెలిసిపోతుంది. మోపిదేవి వైపో, ఘంటసాల వైపో, అవనిగడ్డ మీదుగా దివిసీమ లోపలికో వెళ్లే ట్రాలీ ఆటోల్లో బీరువా, డ్రెస్సింగ్ టేబులు, స్టీలు సామాను, అన్నిటి మీదా తాళ్లతో బిగించిన డబుల్ కాట్ పరుపు. దాన్ని ఎంచింది పెళ్లికూతురి నాన్న. పక్కన నిలబడి బేరమాడింది మేనమామ. ఎన్ని అంగుళాల మందం ఉండాలో తేల్చింది, పోయినేడు వాళ్ల అమ్మాయికి ఇచ్చిన పెద్దమ్మ. దాని మీద పడుకోవాల్సిన ఇద్దరూ మాత్రం గదిలో పరిచాకే దాని మొహం చూస్తారు. ఎనిమిదేళ్లో, పదేళ్లో, కొన్ని ఇళ్లలో పిల్లల పెళ్లిళ్లు అయ్యేదాకానో దాన్నే మోస్తారు.

చీరైతే భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటాం. చెప్పులైతే తొడుక్కుని నాలుగడుగులు నడుస్తాం. పరుపు దగ్గరికొచ్చేసరికి అరచేత్తో రెండుసార్లు నొక్కి, "బానే ఉందండీ, ప్యాక్ చేయించండి" అంటాం. నిద్రపోయేది అరచేయి కాదు కదా!

అక్కడితో అయిందా అంటే లేదు. కంపెనీ తొడిగిన ప్లాస్టిక్ కవరు ఏడాది తిరిగినా ఊడదు. మరకలు పడతాయని, వచ్చినవాళ్లకు కొత్తగా కనిపించాలని ఉంచేస్తారు. సముద్రానికి ఇంత దగ్గరున్న డెల్టాలో, ఉక్కపోత తప్ప గాలి లేని మే నెల రాత్రి, వీపు కింద ప్లాస్టిక్! నిద్ర పట్టే ముందు ఒంటి వేడి కొద్దిగా దిగాలి. ఆ వేడి చర్మం మీదుగా బయటికి పోవాలి. తేమ గాలిలో చెమట ఆరడమే కష్టం, కింద ప్లాస్టిక్ ఉంటే అసలే ఆరదు. పరుపు ఎంతదైనా ముందు ఆ కవరు చింపేయండి. పైన ఉతికే వీలున్న నూలు గలీబు, దాని మీద ఓ పెడన కలంకారీ దుప్పటి ఉంటే చాలు.

తాతల కాలంలో ఈ ఎంపికల గొడవ తక్కువ. నులక మంచం, కాస్త ఉన్నవాళ్లకు నవారు మంచం, ఇంకా ఉన్నవాళ్లకు టేకు పట్టెమంచం. నులక సాగి నడుము కిందికి దిగుతుంటే కాళ్ల వైపు తాడు బిగించేవాళ్లు. ఎవరి పక్క గట్టిదనం వాళ్ల చేతిలోనే ఉండేది. అల్లిక సందుల్లోంచి కిందనుంచి గాలి ఆడేది. ఈ సీమ వాతావరణానికి అంతకన్నా తెలివైన పక్క ఇంకొకటి లేదనే నా అభిప్రాయం. తాడు బిగించే ఓపిక లేని ఇంట్లో మాత్రం అదే మంచం ఉయ్యాలైపోయి నడుము విరిచేది. పాతదంతా బంగారమేమీ కాదు.

పరుపంటే దూది పరుపే. డెల్టాలో పండేది వరి. పరుపులోకి దూది మెట్ట నుంచి రావాలి, అంటే నందిగామ, జగ్గయ్యపేట, గుంటూరు వైపు నుంచి. దాన్ని ఏకి, పరుపుగా కుట్టే పని దూదేకులవాళ్లది. నూర్ బాషాలన్నా, పింజారీలన్నా వాళ్లే. బీసీ-బి జాబితాలో ఆ పేర్లన్నీ కలిపే ఉంటాయి. పెద్ద విల్లు, దానికి నరంతో బిగించిన నారి, నారిని మోగించే చెక్క గూటం. వాకిట్లో ఆ నారి మోత వినపడితే పిల్లలంతా చేరిపోయేవాళ్లు. గడ్డకట్టిన పాత దూది ఆ నారి దెబ్బకు విడిపోయి మబ్బులా లేచేది. తర్వాత మిషన్లొచ్చాయి, విల్లు అటకెక్కింది. ఆ కులవృత్తిలో మిగిలినవాళ్లు ఇప్పుడు మిషను పెట్టుకునో, పరుపుల షాపు పెట్టుకునో నెట్టుకొస్తున్నారు.

దూది పరుపు సుఖం, దాని కష్టం రెండూ ఒకచోటే ఉన్నాయి. ఒత్తిడికి దూది అణుగుతుంది, చెమటకు గడ్డకడుతుంది. రెండు మూడేళ్లకోసారి విప్పి, ఏకి, మళ్లీ కుట్టించాలి. కుట్టిస్తే కొత్తదే. బూరుగు దూది సంగతి వేరు. వేసవిలో కాయ పగిలి ఎగిరే ఆ పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నటి మైనం పూత ఉంటుంది. అందుకే నీటిని పీల్చదు. ప్రపంచ యుద్ధాల కాలంలో నావికుల లైఫ్ జాకెట్లలో కూరింది ఈ జాతి దూదినే. తేమ ఊళ్లకు దిండుగా ఇది అమోఘం. పరుపుగా మాత్రం తొందరగా చదునైపోతుంది, నెలకోసారి ఎండ చూపించాలి. కొనేటప్పుడు ఒక మూల కుట్టు విప్పించి చూడండి. బూరుగు దూదని చెప్పి బట్టల మిల్లు తుక్కు కూరినవీ ఉన్నాయి.

కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి చేసే కాయర్ పరుపులు మన దేశంలో పెద్ద వ్యాపారం కావడం 1960ల నాటి ముచ్చట. కర్ణాటకలో కర్ల్ ఆన్ 1962లో, కేరళ అలెప్పీలో డ్యూరోఫ్లెక్స్ 1963లో మొదలయ్యాయి. మన హైదరాబాదు కంపెనీ సెంచురీ 1988లో వచ్చింది. స్లీప్‌వెల్ పరుపులు చేసే షీలా ఫోమ్, 2023లో ఆ కర్ల్ ఆన్‌నే కొనేసింది. పీచు మీద ఫోమ్ గెలిచిందనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు. అయినా ఏసీ లేని ఇంటికి, కాస్త గట్టిగా కావాలనుకునేవారికి కాయర్ ఇప్పటికీ చెడ్డ ఎంపిక కాదు. పీచు సందుల్లో గాలి ఆడుతుంది. కొన్నేళ్లకు రోజూ కూర్చునే అంచు నలిగి కుంగుతుంది, అదొక్కటే దాని జబ్బు.

షోరూముల్లో ఎక్కువగా వినపడే పేరు మెమరీ ఫోమ్. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం, సీట్లలో కూర్చున్నవారి మీద దెబ్బ తగ్గించడానికి చార్లెస్ యోస్ట్ అనే ఇంజినీరు తయారుచేసిన పదార్థం అది. ఒంటి వేడికి మెత్తబడి, ఒంటి ఆకారానికి దిగడం దాని గుణం. చిక్కూ అక్కడే. విజయవాడ బందరు రోడ్డులో చల్లటి ఏసీ షోరూములో మీరు పడుకుని చూసినప్పుడు అది బిగువుగా, హాయిగా ఉంటుంది. అదే పరుపు చల్లపల్లిలో ఏసీ లేని గదిలో, ఏప్రిల్ మధ్యాహ్నపు కునుకుకు ఇంకా మెత్తబడి మనిషిని లోపలికి లాక్కుంటుంది. చుట్టూ ఫోమ్ కమ్ముకుని వేడి బయటికి పోదు. ఏసీ వేసే గదికైతే కొనుక్కోండి. కరెంటు పోతే ఫ్యానూ ఆగిపోయే ఇంటికి మెమరీ ఫోమ్ అమ్మేవాణ్ణి నేను నమ్మను.

ఇక అందరూ తప్పుగా నమ్మే మాట ఒకటుంది: నడుం నొప్పికి గట్టి పక్కే మందు. ఒంగి నాట్లు వేసి, కలుపు తీసి, బస్తాలు మోసిన ఊళ్లు ఇవి. నడుం నొప్పి లేని ఇల్లు ఉండదు. "పరుపు తీసేసి చెక్కబల్ల మీద పడుకోండి" అని పూర్వం డాక్టర్లూ చెప్పేవారు. దీన్ని పరీక్షించి చూసినవాళ్లు స్పెయిన్ వైద్యులు. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు గట్టి పరుపు, రెండో జట్టుకు మధ్యరకం పరుపు ఇచ్చి 90 రోజులు చూశారు. ఏది ఎవరిదో రోగులకూ తెలియదు, లెక్క రాసేవారికీ తెలియదు. 2003లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. మధ్యరకం మీద పడుకున్నవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది, రోజువారీ పనులూ తేలికయ్యాయి.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. మనిషి వీపు బల్లలా సాపుగా ఉండదు. గట్టి పక్క మీద పక్కకు తిరిగి పడుకుంటే భుజం, తుంటి నలుగుతాయి, నడుము గాల్లో వేలాడుతుంది. మరీ మెత్తటిదైతే తుంటి దిగిపోయి వెన్ను వంకర తిరుగుతుంది. బరువైన మనిషికి కాస్త బిగువుది, పక్కకు తిరిగి పడుకునే సన్నటి మనిషికి కాస్త మెత్తటిది, బోర్లా పడుకునేవారికి గట్టిది సరిపడతాయి. షోరూములో చెప్పులు విప్పి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలా పది పదిహేను నిమిషాలు పడుకోండి. సేల్స్‌మన్ ఏమనుకుంటాడోనన్న మొహమాటం వదిలేయండి. వెల్లకిలా ఉన్నప్పుడు నడుం కింద చెయ్యి దూర్చి చూడండి. సులువుగా అటూ ఇటూ ఆడితే మీకది మరీ గట్టిది. ఇరుక్కుపోయి రాకపోతే మరీ మెత్తన. మొగుడూ పెళ్లాల బరువుల్లో బాగా తేడా ఉంటే ఇద్దరూ కలిసి పడుకునే చూడాలి. ఒకరు కదిలితే ఇంకొకరికి మెలకువ వచ్చే బాధకు పాకెట్ స్ప్రింగు పరుపు మేలు, దాంట్లో ఏ స్ప్రింగుకు ఆ స్ప్రింగు విడిగా అణుగుతుంది.

"ఆర్థో" అన్న ముద్ర చూసి మోసపోకండి. ఆ అక్షరాలు వేసుకోవడానికి ఏ ఎముకల డాక్టరు అనుమతీ అవసరం లేదు. లోపల ఎక్కువగా ఉండేది రీబాండెడ్ ఫోమ్, అంటే ఫోమ్ ముక్కల్ని జిగురుతో నొక్కి చేసిన గట్టి దిమ్మ. ఆధారంగా కింద ఉంటే ఫర్వాలేదు. మీద రెండంగుళాల మెత్తటి పొర లేకపోతే అది చెక్కబల్లకు తమ్ముడే.

అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, డెన్సిటీ ఎంత అని. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె. గట్టిదనానికీ దీనికీ సంబంధం లేదు, ఇది మన్నిక లెక్క. 75 అంగుళాల పొడవు, 60 వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న ఫోమ్ దిమ్మ 32 డెన్సిటీదైతే దాదాపు 12 కిలోలు, 40 డెన్సిటీదైతే 15 కిలోలకు కాస్త తక్కువగా తూగాలి. ధాన్యం బస్తా కాటా వేయకుండా కదలనివ్వని రైతు, పరుపును మాత్రం అంగుళాల్లో కొంటాడెందుకో! సుద్దపొడి కలిపి బరువు పెంచే తయారీదార్లూ ఉన్నారు గనుక కాటా ఒక్కటే చాలదు. లోపల ఏ పొర ఎంత మందమో బిల్లు మీద రాయించుకోండి. వారంటీ కార్డులో వెనకవైపు చిన్న అక్షరాలూ చదవండి. చాలావాటిలో వారంటీ పరుపు ఫలానా లోతుకు మించి కుంగితేనే. నిద్ర పట్టలేదంటే కాదు. మరక పడితే అదీ చెల్లదు. నెట్‌లో కొంటే 100 రాత్రుల ట్రయల్ అంటారు. వాపసు తీసుకెళ్లే బండి విజయవాడ దాటి మీ ఊరిదాకా వస్తుందో లేదో ముందే కనుక్కోండి.

పరుపు ఎంత మంచిదైనా కింద ఉన్నది దాన్ని పాడుచేయగలదు. వడ్రంగి చేసిన మన డబుల్ కాట్లకు కింద నిండు ప్లైవుడ్ షీటు. గాలి ఆడదు. వర్షాకాలంలో పరుపు అడుగున తేమ పట్టి బూజు నల్లగా అల్లుకుంటుంది. షీటుకు బెజ్జాలు వేయించినా, సందులు వదిలి పట్టీలు కొట్టించినా ఆ బాధ పోతుంది. వారానికోసారి పరుపు లేపి గోడకు ఆనించండి. దూది పరుపుకు ఎండ మేలు. ఫోమ్‌కూ రబ్బరు పాలతో చేసే లేటెక్స్‌కూ ఎర్రటి ఎండ పనికిరాదు, నీడన గాలికి పెట్టాలి.

ఇంకో చిక్కు, ఎత్తు. పాత పట్టెమంచాలు అసలే ఎత్తు. వాటి మీద ఎనిమిదంగుళాల కొత్త పరుపు వేస్తే నానమ్మ కాళ్లు నేలకు అందవు. రాత్రి లేచేటప్పుడు జారి పడి తుంటి విరిగితే ఆ పరుపు ఖరీదు వేరే లెక్క అవుతుంది. పెద్దవాళ్లు అంచున కూర్చుంటే పాదాలు నిండుగా నేలకు ఆనాలి, అంచు కిందికి జారిపోకూడదు. మంచం పట్టిన మనిషికైతే మామూలు పరుపుల గురించి ఆలోచించొద్దు. గాలి మారుతూ ఉండే ఎయిర్ బెడ్ కావాలి, దానితోపాటు రెండేసి గంటలకు పక్క మార్చే మనిషీ కావాలి. పసిబిడ్డను గట్టి, చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం. మనం ముచ్చటపడి కుట్టే ఆవాల దిండు కూడా వద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు.

అసలు తప్పు పరుపుదేనా? పొద్దున లేవగానే నడుం పట్టేసి, అరగంట తిరిగాక వదిలేస్తుంటే పరుపును అనుమానించవచ్చు. చుట్టాలింట్లో హాయిగా నిద్రపట్టి సొంతింట్లో పట్టకపోతే అనుమానం బలపడుతుంది. నొప్పి కాల్లోకి దిగి తిమ్మిరెక్కుతుంటే షోరూముకు కాదు, ఆసుపత్రికి వెళ్లండి. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడే మనిషికి లక్ష రూపాయల పరుపూ పనిచేయదు. చెరువు గట్టు మీద రాత్రంతా రొయ్యలకు కాపలా కాసి పగలు పడుకునేవాడికి కావాల్సింది ముందు చీకటి గది. 2014 నుంచి తెల్లవారక ముందే లేచి వీధులూడ్చే స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలున్న ఊరిది. అంత పొద్దున్నే లేవాలంటే తొమ్మిదికే పక్క ఎక్కాలి, ఫోను పక్క గదిలో పెట్టాలి.

కొత్తది వచ్చాక పాతదాన్నేం చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. దూది పరుపైతే ఏకించి పిల్లలకు రెండు చిన్న పరుపులు కుట్టించవచ్చు. ఫోమ్‌ను ఏకేవాడు లేడు. అది కాలవ గట్టున పడి వానకు నాని, వరదకు కొట్టుకొచ్చి తూముకు అడ్డం పడుతుంది. పాత పరుపుకు ఎక్స్ఛేంజి ఇచ్చే షాపులు విజయవాడలో ఉన్నాయి. బేరం తెగే ముందే, కొత్తది దించిన బండిలో పాతది ఎక్కించుకుపోతారా అని అడగండి. రేటు తగ్గించే మాట ఆ తర్వాత మాట్లాడొచ్చు.