మన జట్టు ఏది?

ఫుట్‌బాల్ గురించి వ్రాయడానికి మీకేమి అర్హత వున్నదని పాఠకులు అడిగితే, ఏమీ లేదనే మా జవాబు. మేము ఆడినవారము కాము, ఆడించినవారమూ కాము. పగలంతా ఆఫీసులో ఫైళ్ళు త్రిప్పి, సాయంత్రం ఇల్లు చేరి, భోజనమయిన తరువాత పిల్లలు పెట్టిన ఆటను వాళ్ళ వెనుక కూర్చుని చూసేవారము. అయినా చూసేవారికి కూడా అభిప్రాయాలుంటాయి, ప్రశ్నలుంటాయి. క్రికెట్టుకు ఈ దేశంలో ఇంటికొక న్యాయమూర్తి వున్నాడు. ఫుట్‌బాల్‌కు మావంటి గుమాస్తా ఒకడు వుంటే తప్పేమిటి?

ఈ మధ్య మన కుటుంబాలలో ఒక వింత గమనిస్తున్నాము. పీళమేట్టులో గాని, మధుర మాసి వీధులలో గాని, ఏ ఇంటికి వెళ్ళినా పిల్లలకు తలా ఒక జట్టు వుంటుంది. అన్నది మాంచెస్టర్, తమ్ముడిది లివర్‌పూల్, చెల్లెలిది బార్సిలోనా. ఆ ఊళ్ళు ఏ దిక్కున వున్నవో పెద్దవాళ్ళకు తెలియదు. అక్కడ ఓడిపోతే ఇక్కడ అన్నం మానేస్తారు. మొన్న ఒక పెండ్లి పందిట్లో మా బంధువుల కుర్రవాడు ప్రక్కన కూర్చుని, "మామా, మీరు ఏ టీము?" అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాము గాని, ఆ ప్రశ్న మమ్మల్ని విడిచిపెట్టలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ తరతరాలుగా ఇక్కడే వున్న మనకు, నిజంగా మన జట్టు ఏది?

ముందుగా మా అభిప్రాయం ఒకటి

మెస్సీ గొప్పవాడా, రొనాల్డో గొప్పవాడా అనే తగాదా మన ఇళ్ళలో చాలాకాలంగా నడుస్తున్నది. మేము అందులో తలదూర్చము. తలదూర్చిన మేనమామకు ఎటునుంచీ కాఫీ అందదు. మా అభిప్రాయం వేరు. ఈ ఆటలో అందరికన్న తక్కువ పేరు, అందరికన్న ఎక్కువ తిట్లు వచ్చేది గోలీకి. పదిమంది తప్పు చేసినా ఆట సాగుతుంది. గోలీ ఒక్క తప్పు చేస్తే పలకమీద అంకె మారుతుంది.

2022 డిసెంబరు 18న ఖతార్‌లో జరిగిన ప్రపంచ కప్పు ఫైనలు చాలామంది చూసేవుంటారు. అర్జెంటీనా, ఫ్రాన్సు 3–3తో సమానమయ్యాయి. ఫ్రాన్సు కుర్రవాడు ఎంబాపే ఒక్కడే మూడు గోళ్ళు కొట్టాడు. మెస్సీ రెండు కొట్టాడు. మరునాడు అందరూ ఈ ఇద్దరి మాటే చెప్పుకున్నారు. కాని అదనపు సమయం కూడా అయిపోవస్తున్న వేళ, ఫ్రాన్సువాడు ఒంటరిగా వచ్చి కొట్టిన బంతిని అర్జెంటీనా గోలీ మార్టినెజ్ కాలు చాచి ఆపకపోతే, పెనాల్టీలూ లేవు, 4–2 గెలుపూ లేదు, మెస్సీ చేతికి కప్పూ లేదు. పేరంటంలో పాట పాడిన ఆమెను మెచ్చుకుంటారు గాని, వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడిన ఆమె సంగతి ఎవరికి గుర్తు?

మన కొండమీది గోలీ

గోలీ మాట వచ్చింది గనుక, మనకు దగ్గరవాడొకడి సంగతి చెప్పాలి. మన కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం మీదుగా కొండ ఎక్కితే కూనూరు ప్రక్కన వెల్లింగ్టన్ వస్తుంది. అక్కడ మద్రాసు రెజిమెంటు కేంద్రం వున్నది. 1950లలో ఆ సైనికుల జట్టు దేశమంతా పేరు పొందినది. 1955లోనూ, 1958లోనూ ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు గెలిచింది.

ఆ జట్టులో పీటర్ తంగరాజ్ అనే ఆరడుగులు దాటిన యువకుడు వుండేవాడు. పేరు చూస్తే తమిళం. పుట్టినది 1935లో, హైదరాబాదులో. సికింద్రాబాదు క్లబ్బులలో ఆట నేర్చి, 1953లో సైన్యంలో చేరాడు. అతడు మొదట గోలు కొట్టే సెంటర్ ఫార్వర్డు. తరువాత గోలు ఆపేవాడయ్యాడు. 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్సులకు వెళ్ళాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనలులో మన గోలులో నిలబడ్డది అతడే. 1967లో అర్జున అవార్డు పొందాడు. 2008లో బొకారోలో కన్ను మూశాడు.

మనవాళ్ళు తెలుగు ఇంటిపేరుతో తమిళదేశంలో వున్నారు. అతడు తమిళపు పేరుతో తెలుగుదేశంలో పుట్టి, మన కొండమీద సైనికుడయ్యాడు. అతడిని ఏ లెక్కలో వేయాలి? ఇది మా మొదటి ప్రశ్న.

రహీం గారి కాలం

తంగరాజు పుట్టిన ఊరిలోనే సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు వుండేవారు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు గురువు. ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57లోనూ, 1957–58లోనూ గెలుచుకున్నది.

రహీం గారు భారత జట్టుకు కూడా గురువయ్యారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం వచ్చింది. 1956 ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదనే 4–2తో ఓడించి మనవాళ్ళు నాలుగవ స్థానంలో నిలిచారు. ఇక 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, మైదానం నిండా మనకు వ్యతిరేకంగా కేకలు వేసే జనం. అంతకుముందు మనల్ని 2–0తో ఓడించిన దక్షిణ కొరియాయే ఫైనలులో ఎదురు. తలకు కుట్లు వేయించుకున్న జర్నైల్ సింగును రహీం గారు వెనుకనుంచి తీసి ముందు వరుసలో నిలబెట్టారు. పి. కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టగా 2–1తో గెలిచాము. అప్పటికే రహీం గారికి క్యాన్సరు. మరుసటి సంవత్సరం జూనులో పోయారు. ఆ తరువాత ఇంతవరకు ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టుకు ఫుట్‌బాల్ స్వర్ణం రాలేదు.

ఆ జకార్తా జట్టులో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా వున్నాడు. బీద ఇంటి పిల్లవాడు. సాధనకు హైదరాబాదు దాకా వచ్చిపోయే స్తోమతు లేకపోతే, రహీం గారే అద్దె సైకిలుకు డబ్బు ఏర్పాటు చేశారని చెబుతారు. రోమ్ ఒలింపిక్సులో హంగేరీ అంతటి జట్టుమీద గోలు కొట్టాడు బలరాం. జబ్బు చేసి ముప్ఫై నిండకుండానే ఆట మానవలసివచ్చింది. 2023 ఫిబ్రవరిలో బెంగాలులో మరణించాడు. సైకిలు అద్దె ఎంతయి వుంటుంది? కొన్ని అణాలు. ఆ అణాలు ఇచ్చేవాడు లేక ఆగిపోయిన బలరాములు మన వీధులలో ఎందరున్నారో లెక్క ఎవరు వ్రాశారు?

మా ప్రశ్నలు

ఒకటి: 1950 ప్రపంచ కప్పుకు బ్రెజిల్ వెళ్ళే అవకాశం వచ్చి కూడా మనవాళ్ళు ఎందుకు వెళ్ళలేదు? చెప్పులు లేని కాళ్ళతో ఆడనివ్వలేదు గనుక వెళ్ళలేదని మన తాతలు చెప్పేవారు. కథ బాగానే వున్నది. కాని ఆనాటి ఆటగాళ్ళే తరువాత చెప్పినదేమంటే, అప్పట్లో మనవారికి ఒలింపిక్సే గొప్ప, ప్రపంచ కప్పు విలువ తెలియలేదు, ప్రయాణం దూరం అని. మాకు ఈ రెండవ మాటే నిజమనిపిస్తుంది. పరాయివాడు గేటు మూశాడనడం సులభం. మనమే బయలుదేరలేదనడం కష్టం.

రెండు: అంతటి హైదరాబాదు ఆట ఏమయినది? ఆంధ్రప్రదేశ్ 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత తెలుగు రాష్ట్రాలకు అది మరల దక్కలేదు. రహీం గారి వంటి గురువు పోవడం ఒక కారణం. ఆ రోజులలో మన పోటీలు 70 నిమిషాలే, ప్రపంచమంతా 90 నిమిషాలు ఆడుతుంటే. అది మరొకటి. కాని గుమాస్తా బుద్ధికి తోచేది ఇంకొకటి వున్నది. ఆనాటి ఆటగాడికి పోలీసులో, సైన్యంలో, రైల్వేలో ఉద్యోగం వుండేది. నెల మొదట జీతం అందేది. తల్లి నిశ్చింతగా వుండేది. బంతి వెనుక అన్నం కనబడినంతకాలం పిల్లలు మైదానానికి వచ్చారు. అన్నం కనబడనప్పుడు ట్యూషనుకు వెళ్ళారు. అందులో తల్లిదండ్రుల తప్పేమున్నది?

మూడు: ఆడపిల్లలు ఆడరాదా? నిజామాబాదు జిల్లాలోని ఒక తండానుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతున్నది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టుకు ఆడింది. 2024–25కు దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఎంచినది. రహీం గారి వారసులెక్కడ అని వెదికేవారు మగపిల్లల వైపే చూడనక్కరలేదు. తండాలో సాధ్యమైనది మిల్లులు, కాలేజీలు వున్న మన ఊళ్ళలో ఎందుకు సాధ్యం కాదు?

కోయంబత్తూరుకు వచ్చిన కప్పు

మన ఊరి మాట చెప్పకపోతే అన్యాయం. 2019 మార్చి 9న కోయంబత్తూరు నెహ్రూ స్టేడియంలో చెన్నై సిటీ జట్టు ఐ–లీగు చివరి ఆట ఆడినది. గెలిస్తే కప్పు. గెలవకపోతే, అదే సమయాన కోళిక్కోడులో ఆడుతున్న ఈస్ట్ బెంగాలుకు పోతుంది. మొదటి నిమిషాలలోనే ఎదుటి జట్టు మినర్వా పంజాబ్ గోలు కొట్టింది. సగం ఆట అయ్యేసరికి మనకు సున్న. మా చుట్టూ తమిళం, మలయాళం, నడుమనడుమ మన ఇంటి తెలుగు, అన్నీ ఒక్కసారి మౌనమయినవి. తరువాత మాన్సీ పెనాల్టీతో సమానం చేశాడు. గౌరవ్ బోరా రెండు కొట్టాడు. 3–1. ఈస్ట్ బెంగాలు కూడా గెలిచింది గాని, 43కు 42, ఒక్క పాయింటు వెనుకబడినది.

ఇప్పుడు చూడండి. జట్టు పేరు చెన్నై. మైదానం కోయంబత్తూరు. గురువు సింగపూరువాడు. ఆ సీజనులో 21 గోళ్ళు కొట్టిన మాన్సీ ఉరుగ్వేవాడు. చివరి రెండు గోళ్ళు కొట్టినవాడు అస్సాంవాడు. అయినా ఆ సాయంత్రం అది పరాయి జట్టని ఎవరికయినా తోచిందా? 2022 మార్చి 20న హైదరాబాదు జట్టు గోవాలో కేరళను పెనాల్టీలలో ఓడించి ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచినప్పుడూ అంతే. పెనాల్టీలు ఆపిన కట్టిమణి గోవావాడు. మొదట దిగిన పదకొండుమందిలో తెలుగువాడు లేడు. అయినా చార్మినారు దగ్గర అది "మా జట్టు" అన్నారు.

మరి ఈ రెండు జట్లూ ఇప్పుడెక్కడ? చెన్నై సిటీ ఐ–లీగులో లేదు. హైదరాబాదు జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో వచ్చిన జట్టు డబ్బుతోనే పోతుంది. కప్పు వచ్చినందుకు మురిసిపోవచ్చు గాని, ఊరి పిల్లలు లేని జట్టుకు ఊరిలో వేళ్ళుండవు.

మా జవాబు

ఇంతదూరం వచ్చిన తరువాత పెండ్లి పందిట్లో కుర్రవాడు అడిగిన ప్రశ్నకు మాకు తోచిన జవాబు చెబుతాము. ఇక్కడివారు మనల్ని చూసి "మీది ఏ ఊరు?" అంటారు. హైదరాబాదు వెళితే మన తెలుగు విని అక్కడివారూ అదే మాట అంటారు. ఈ ప్రశ్నకు మన పెద్దలు పుస్తకాలు చూసి జవాబు చెప్పలేదు. బావి త్రవ్వారు, పత్తి వేశారు, మగ్గం నేశారు, మిల్లు పెట్టారు, బడి కట్టించారు. అప్పుడు ఊరు వాళ్ళది అయినది. జట్టు కూడా అంతే కాబోలు. తంగరాజును హైదరాబాదూ తనవాడంటుంది, వెల్లింగ్టనూ తనవాడంటుంది. రెండూ నిజమే, ఎందుకంటే రెండు చోట్లా అతడు చెమటోడ్చాడు.

కనుక లివర్‌పూల్ చూడవద్దని మేము అనము. చూడండి. కాని ఆదివారం సాయంత్రం మన పేటలోని మైదానంలో ఎవరి పిల్లలు ఆడుతున్నారో కూడా ఒకసారి వెళ్ళి చూడండి. గట్టున పదిమంది పెద్దలు నిలబడితే ఆ పిల్లల ఆటే మారుతుంది. పదవ తరగతి రాగానే బంతిని అటకమీదికి ఎక్కించకండి. రోజుకు ఒక గంట చాలు. రైల్వేలోనూ, పోలీసులోనూ ఆటగాళ్ళకు ఉద్యోగాలు ఇప్పటికీ వున్నవి, కొన్నయినా వున్నవి. వాటి సంగతి తెలిసిన ఉద్యోగులు మన సంఘంలోనే వున్నారు. పిల్లలకు చెప్పండి. స్తోమతు వున్నవారు ఒక పిల్లవాడికి బూట్లు, ఒక పిల్లకు బస్సు ఖర్చు ఇవ్వండి. రహీం గారు ఇచ్చినది సైకిలు అద్దే గదా.

మన కుటుంబాలలో పూర్వం జిల్లా జట్లకు, మిల్లు జట్లకు, కాలేజీ జట్లకు ఆడిన పెద్దలు తప్పక వుంటారు. వారి ఫోటోలు ఏ పెట్టెలోనో వుంటాయి. ఎవరు, ఏ సంవత్సరం, ఏ స్థానంలో ఆడారో ఈ పత్రికకు వ్రాసి పంపవలసినదిగా మా మనవి. గోలీలయితే ముందు వరుసలో వేయిస్తాము.