వెండి తీగకు సిలికాన్ పట్టు

రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు మీద దాదాపు 500 ఎకరాల్లో సౌర పలకలు తేలుతున్నాయి. 100 మెగావాట్ల ఈ కేంద్రం 2022 జులై 1 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తోంది. పలకలే నాలుగున్నర లక్షలు. సౌర పలకను, మీ డాబా మీదిదైనా సరే, ఒకసారి దగ్గరగా చూడండి. ముదురు నీలం బిళ్లల మీద వెంట్రుకల్లాంటి తెల్లటి గీతలు వరసగా కనిపిస్తాయి. అవి వెండి గీతలు. ఎండకు సిలికాన్‌లో పుట్టిన కరెంటును పోగుచేసి బయటికి తెచ్చేవి అవే. పక్కనే ఉన్న కరీంనగర్ వెండి తీగ నగిషీకి పేరుపడ్డ ఊరు. వెండి పనివాళ్లు ఎరిగిన చిక్కే ఈ గీతల్లోనూ ఉంది. తీగను పేర్చడం ఒక ఎత్తు, అది పట్టుకునేలా చేయడం మరో ఎత్తు.

సిలికాన్‌కు గాలి తగిలితే చాలు, పైన గాజులాంటి ఆక్సైడు పొర కడుతుంది. మందం ఒకటి రెండు నానోమీటర్లే. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షలో వంతు. అంత పల్చటి పొర కూడా లోహానికి, సిలికాన్‌కు మధ్య అడ్డుగోడే. దీనికి తోడు ఎండ వెనక్కి పోకుండా సౌర బిళ్ల మీద 80 నానోమీటర్ల దాకా సిలికాన్ నైట్రైడు పూత వేస్తారు. ఆ నీలం రంగు దాని చలవే.

టంకం వేసేముందు కంసాలి వెలిగారం ఎందుకు పూస్తాడు? అది వేడికి కరిగి, లోహం మీద పట్టిన ఆక్సైడును తనలో కలిపేసుకుంటుంది. బిళ్ల మీద అచ్చువేసే వెండి ముద్దలోనూ ఆ పని చేసే సరుకు ఒకటి ఉంటుంది, చాలావరకు సీసం ఆక్సైడు కలిసిన గాజుపొడి. కొలిమిలో బిళ్ల కొన్ని సెకన్లపాటు 750, 800 డిగ్రీల వేడి చూస్తుంది. వెండి కరగాలంటే 962 డిగ్రీలు కావాలి. గాజు మాత్రం కరిగి, నైట్రైడును తినేసి, కాస్త వెండిని కూడా కలుపుకుంటుంది. చల్లారేటప్పుడు ఆ వెండి చిన్న చిన్న స్ఫటికాలుగా సిలికాన్ మీద దిగుతుంది. ఇంత చేసినా వెండి సిలికాన్‌తో సమ్మేళనం కాదు, ఆనుకుని ఉంటుందంతే.

వెండి తీరు శుభ్రమైన సిలికాన్ మీద ఇంకా బాగా బయటపడుతుంది. గాలి తీసేసిన గదిలో సిలికాన్‌ను వేడిగా ఉంచి వెండి ఆవిరిని చల్లితే, ముందు ఒకే ఒక్క పరమాణువు మందాన పొర పరుచుకుంటుంది. ఆ తర్వాత వచ్చే పరమాణువులు చామాకు మీద నీటిబొట్ల మాదిరి ఎక్కడికక్కడ దిబ్బలు కడతాయి. కింది సిలికాన్ మీద కన్నా సాటి వెండి పరమాణువుల మీద వాటికి మక్కువ ఎక్కువ.

బిళ్ల వెనక వైపుండే అల్యూమినియం దారి వేరు. విడిగా 660 డిగ్రీలకు కరిగే ఈ లోహం సిలికాన్‌తో కలిస్తే 577 డిగ్రీలకే ద్రవమవుతుంది. చల్లారేటప్పుడు ఆ ద్రవంలోని సిలికాన్ పాత స్ఫటికం మీదే మళ్లీ పేరుకుంటుంది, కొద్దిగా అల్యూమినియాన్ని పట్టుకుని మరీ. ఆ కొద్దిపాటి అల్యూమినియమే కరెంటు మోసే ఎలక్ట్రాన్లు వెనక గోడకు తగిలి వృథా కాకుండా కాపలా కాస్తుంది.

నిజమైన సమ్మేళనం చూడాలంటే నికెల్ దగ్గరికి రావాలి. వెండి ఖరీదైనది కాబట్టి పరిశ్రమ చూపు రాగి మీద పడింది. కానీ రాగి సిలికాన్‌లోకి చాలా వేగంగా పాకి బిళ్లను పాడుచేస్తుంది. అందుకని రాగి కింద నికెల్ పొరను కంచెగా వేస్తారు. దాన్ని వేడిచేస్తే 300 డిగ్రీల లోపే రెండు నికెల్ పరమాణువులకు ఒక సిలికాన్ పరమాణువు చొప్పున కలిసిన సిలిసైడు మొదలవుతుంది. ఇంకా వేడెక్కితే ఒకటికొకటి కలిసిన రకం వస్తుంది. కరెంటును బాగా మోసేది ఈ రెండోదే. వేడి 800 డిగ్రీలకు చేరితే ఒక నికెల్‌కు రెండు సిలికాన్లు కలిసిన రకం ఏర్పడి పొర గరుకుబారుతుంది.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది ఒకటికొకటి కలిసిన ఆ రకం లెక్క. ఒక నానోమీటరు నికెల్ దాదాపు 1.8 నానోమీటర్ల సిలికాన్‌ను తిని 2.2 నానోమీటర్ల సిలిసైడు అవుతుంది. అందుకే నికెల్‌ను పల్చగా వేయాలి, ఎక్కువైతే లోపల కరెంటు పుట్టే సంధి దాకా తినేస్తుంది. సరిపడా వేస్తే మాత్రం లోహానికి, సిలికాన్‌కు మధ్య సరిహద్దు మనం నికెల్ పూసిన చోట ఉండదు. అది కిందికి జరిగి, ఏనాడూ గాలి సోకని సిలికాన్ లోపల కొత్తగా ఏర్పడుతుంది.